ఎంగిలి పీక

పదకొండో భాగం

అమన్ ఏడోసారి పుక్కిలించి ఉమ్మాడు.

మొదటి రెండుసార్లూ వట్టి నీళ్ళు. మూడోసారి ఉప్పునీళ్ళు. నాలుగోసారికి ఫౌజియా పసుపు కలిపి తెచ్చింది. తర్వాత బీరువా మీంచి ఎప్పటిదో నీలంరంగు మందు సీసా దిగింది. అదీ అయిపోయాక గొంతులోకి రెండువేళ్ళు పోనిచ్చి, కంకిపాడు పెళ్ళిలో తిన్న పూర్ణాలన్నీ వరండా కుళాయి కింద కక్కేశాడు. కక్కి, నోరు కడుక్కుని, మళ్ళీ మొదటికొచ్చాడు.

పంతొమ్మిదేళ్ళ చెల్లెలు అఫ్సానా గుమ్మానికి ఆనుకుని నిలబడి ఇదంతా చూస్తోంది.

“ఏడు,” అంది.

“ఏంటే ఆ లెక్క?”

“పొద్దున మూడుగంటలసేపు నోట్లో పెట్టుకుని ఊదావు కదన్నయ్యా. మూడుగంటల ఎంగిలికి ఎన్ని పుక్కిలింతలు పడతాయో చూస్తన్నా.”

అమన్ మొహం ఎర్రబడింది. ఏదో అందామని నోరు తెరిచేసరికి మళ్ళీ డోకొచ్చింది. కుళాయి పట్టుకుని వంగాడు.

“నవ్వులాటగా ఉందా నీకు?” అంటూ అమన్ భార్య ఫౌజియా తువ్వాలు పట్టుకుని వచ్చింది. “ఆరోనెల కడుపుతో ఉన్నదాన్ని. ఈయనకేదన్నా అంటుకుంటే రేపు నాకు, ఎల్లుండి నా బిడ్డకు. నీదేముందిలే, నీకెట్టాగూ ఉన్నదే.”

“నాకున్నది అంటుకునేది కాదు వదినా. డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది.”

“డాక్టర్లు వంద చెప్తారు. నేను కళ్ళతో చూడట్లేదా? రోజూ పొద్దున్నే ఆ డబ్బా, ఆ కఫం…” మిగతాది చెప్పలేక కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఆ డబ్బా మూత బిగించి మంచం కిందే ఉంది. పొద్దున్నే లేచి దాని సంగతి చూస్తేగానీ అఫ్సానాకి రోజు మొదలవదు. పదేళ్ళప్పుడు వచ్చిన న్యుమోనియా పోతూ పోతూ ఎడమ ఊపిరితిత్తిలో గాలిగొట్టాలు పాడుచేసి పోయింది. అవి సాగిపోయాయి. వాటిల్లో కఫం చేరుతుంది. చేరినదాన్ని రోజూ బయటికి తెచ్చుకోవాలి, బతికినంతకాలం. జబ్బంతా ఇదే. క్షయ కాదు, ఇంకొకరికి అంటదు. కానీ ఈ ఇంట్లో దగ్గు అంటే క్షయ దగ్గే. అందుకని తొమ్మిదేళ్ళుగా ఆమెకొక ఆకుపచ్చ ప్లాస్టిక్ గ్లాసు, అంచు వంగిన కంచం విడిగా ఉన్నాయి. కిటికీలో ఉంటాయి. ఇంట్లో మనుషులెవరూ వాటిని ముట్టుకోరు. పక్కింటి పిల్లి ముట్టుకుంటుంది, దానికి మాత్రం ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

ఇంతకీ జరిగింది ఘోరమేం కాదు. కంకిపాడులో పెళ్ళి ముగించుకుని తండ్రీకొడుకులు రెండింటికి గవర్నర్‌పేటలో ఇల్లు చేరారు. లాడ్జీ వెనక సందులో మేడమీద వాటా వాళ్ళది. మెట్లెక్కుతున్నప్పుడే అమన్ మాటలు మొదలుపెట్టాడు. చాయ్ గ్లాసు చేతికొచ్చేదాకా ఆపలేదు.

“అమ్మా, పెళ్ళికూతురి తండ్రి రామకోటేశ్వరరావు గారు పందిట్లోంచి లేచొచ్చి నా భుజం తట్టాడు. అందరి ముందూ! ‘ఏం పలికించావయ్యా, చెవుల్లో తేనె పోసినట్టుంది’ అన్నాడు. నాన్ననడుగు కావాలంటే.”

తండ్రి అబ్దుల్ రవూఫ్ కుర్చీలో కూర్చుని చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు.

“నాన్నా, ఆ స్టీలు డబ్బాలో పీక ఎక్కడ తెప్పించావు? నాదానికి పగులొచ్చింది. తెల్లారగట్ల హడావిడిలో చేతికందిన డబ్బా పట్టుకుపోయా. అబ్బ, వెన్న నాన్నా అది. ఇంత ఊదితే అంత పలుకుతంది.”

రవూఫ్ ఇంకో గుక్క తాగాడు.

చెప్పింది తల్లి సాలేహా. కొడుకు సంతోషంలో తానూ ఓ చెయ్యి వేద్దామనుకుంది పాపం. “అది అఫ్సానాది కదరా. ఆరునెల్ల నుంచీ దానిమీదే సాధన చేస్తంది,” అంది.

అక్కణ్ణుంచి కుళాయే.

సన్నాయి వాళ్ళకి ఈ విషయంలో పట్టింపు ఎక్కువే. పీక అంటే వేలెడు గడ్డిముక్క. నానబెట్టి, నొక్కి, దారంతో కట్టి, సన్నాయి కొసన బిగిస్తారు. అది నోట్లో తడిసి తడిసి ఎవరిది వాళ్ళ ఊపిరికి అలవాటు పడుతుంది. ఒకరి పీక ఇంకొకరు తీసుకోరు. పొరపాటున తీసుకుంటే ‘అరెరే’ అని కడిగి ఇచ్చేస్తారు. అంతేగానీ వేళ్ళు గొంతులో పెట్టుకుని కక్కుకోరు. పోయినేడాది గుడివాడలో డోలు వాయించే బసవపున్నయ్య కొడుకు పీక తీసుకుని ఇదే అమన్ ఊదాడు. ఆ కుర్రాడు నోట్లో ఎప్పుడూ గుట్కా కుక్కుకుని ఉంటాడు. అప్పుడు ఒక్క పుక్కిలింత కూడా లేదు.

అఫ్సానాకి అదే మింగుడుపడట్లేదు. గుట్కా ఎంగిలికి లేని రోత తన ఎంగిలికి వచ్చింది.

*

ఆ పీక అసలు పారేసిన పీక.

ఆరునెలల కింద రవూఫ్ దాన్ని కిటికీలోంచి విసిరేస్తుంటే అఫ్సానా ఆపింది. మరీ మెత్తబడిందని, గట్టిగా ఊదితే మూసుకుపోతోందని ఆయనకి విసుగు. గట్టిగా ఊదలేని మనిషి ఆ ఇంట్లో ఒకతి ఉందని ఎవరికీ గుర్తులేదు. అఫ్సానా దాన్ని స్టీలు డబ్బాలో పెట్టుకుంది. బ్లేడుతో రోజుకింత గీసింది. పొద్దున తల్లి వీపు తట్టి కఫం తీయించాక, మంచం మీద బోర్లా పడుకునే నోట్లో పెట్టుకుని నానబెట్టింది. మొదటి నెల ఊదితే దగ్గు, దగ్గితే కన్నీళ్ళు. రెండోనెలకి ఒక స్వరం నిలబడింది. నాలుగోనెలలో ఒకరోజు మోహన రాగం మొదలుపెట్టి, కళ్ళు తెరిచి గోడ గడియారం చూసుకుంది. దగ్గు లేకుండా నాలుగు నిమిషాలు. తొమ్మిదేళ్ళలో మెలకువగా ఉన్నప్పుడు అంతసేపు దగ్గు రాకపోవడం అదే మొదలు. ఆమె ఆ రోజు ఏడ్చింది, నవ్వింది, అన్నం రెండుసార్లు పెట్టించుకుంది.

ఆస్పత్రిలో గొట్టంలోకి ఊదించే పరీక్ష చేసి డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. “ఏం చేస్తున్నావమ్మా కొత్తగా?” అంది. “సన్నాయి ఊదుతున్నానండీ.” “ఆపకు,” అంది డాక్టరమ్మ. ఆ ఒక్కమాట అఫ్సానా ఇంటిదాకా సిటీబస్సులో తనలో తనే అనుకుంటూ వచ్చింది.

వచ్చే ఆదివారం పామర్రులో వేణుగోపాలస్వామి కల్యాణం. మూడు తరాలుగా ఆ గుడి మేళం వీళ్ళదే. ఇంట్లో నమాజు, గుళ్ళో నాదస్వరం, దాన్ని వింతగా చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. సాయంత్రం స్వామిని ఉయ్యాల ఊపే ఊంజలసేవ దగ్గర ఒక్క కీర్తన అఫ్సానా ఊదుతుందని రవూఫ్ పోయినవారం మాటిచ్చాడు. నలుగురి ముందు, వెలుతురులో, తండ్రి పక్కన కూర్చుని. ఒక్క కీర్తన. ఆమె అంతకు మించి ఎవర్నీ ఏమీ అడగలేదు.

*

“అమ్మా, ఏంటి వాసన?” అంది అఫ్సానా ఉన్నట్టుండి.

డెట్టాలు. ఆ ఇంట్లో డెట్టాలు వాసన కొత్త కాదు. సాలేహాకి ఏ సమస్యకైనా ఒకటే మందు, మరిగించడం. ఎప్పుడో ఆస్పత్రిలో ఒక నర్సు ‘అన్నీ మరిగించాలమ్మా’ అంది. ఆనాటినుంచీ మందు పీల్చే మాస్కులు, చెంచాలు, జేబురుమాళ్ళు, చివరికి కూతురి దువ్వెన కూడా పొయ్యెక్కింది.

అఫ్సానా వంటగదిలోకి పరుగెత్తింది. పరుగెత్తితే దగ్గొస్తుంది, వచ్చింది. దగ్గుతూనే పొయ్యిమీద గిన్నె మూత తీసింది. తెల్లటి నీళ్ళు కుతకుతా ఉడుకుతున్నాయి. అందులో ఆమె పీక పైకీ కిందికీ తిరుగుతోంది.

స్టవ్ ఆపి, గరిటెతో తీసి, అరచేతిలో వేసుకుంది. కాలింది. వదల్లేదు. దారం ఊడి వేలాడుతోంది. రెండు పెదవుల్లా దగ్గరగా ఉండాల్సిన కొసలు నోరు తెరుచుకుని ఉబ్బిపోయాయి. నోట్లో పెట్టుకుని ఊదింది. గాలి వచ్చింది, డెట్టాలు చేదు వచ్చింది, చప్పుడు మాత్రం రాలేదు.

“చల్లారనివ్వవే, కాలద్దీ,” అంది సాలేహా వెనకనుంచి.

“ఎందుకు చేశావమ్మా?”

“వాడు చూడు ఎట్టా కక్కుతున్నాడో. మరిగిస్తే సుబ్బరమైపోద్ది కదా అని…”

“ఈ ఇంటికి కాపురానికొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది నీకు. పీకని మరిగించకూడదని తెలీదూ?”

సాలేహా గిన్నె దించింది. గిన్నెలో నీళ్ళు తొట్టిలో పారబోసింది. గిన్నె కడిగింది. కడిగిన గిన్నె మళ్ళీ కడిగింది.

“అమ్మా, నిన్నే.”

“తెలుసు,” అంది సాలేహా గోడవైపు తిరిగి. “తెలిసే వేశా. అది కళ్ళెదురుగా ఉన్నంతసేపూ వీళ్ళ గోల ఆగదు. ఫౌజియా అప్పుడే పుట్టింటికి ఫోను చేస్తానంటంది. పీకదేముందే, ఇంకోటి చేసుకుంటావు. ఇంట్లో నలుగురం కలిసుండొద్దూ?”

 అఫ్సానాకి గుండెల్లోంచి దగ్గు ఎగదన్నుకొచ్చింది. పొయ్యి గట్టు పట్టుకుని వంగి దగ్గింది. ఆ శబ్దానికి వరండాలోంచి వస్తున్న ఫౌజియా గుమ్మం దగ్గరే ఆగి ఒక అడుగు వెనక్కి వేసింది. సాలేహా చేతులు వాటంతటవే కూతురి వీపు మీదికి వెళ్ళాయి. తొమ్మిదేళ్ళుగా రోజూ ఇరవై నిమిషాలు తట్టిన చేతులవి.

అఫ్సానా ఆ చేతుల్ని తోసేసింది. పుట్టి బుద్ధెరిగాక అలా చెయ్యడం అదే మొదటిసారి.

“అఫ్సూ!”

“ముట్టుకోకమ్మా. మళ్ళీ నిన్ను నువ్వు మరిగించుకోవాలి.”

*

ముందుగదిలో ఫోను మోగింది. రవూఫ్ చెవి కొంచెం మందం, అందుకని ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. సందులో ఆటోవాళ్ళక్కూడా వీళ్ళింటి సంగతులన్నీ తెలుసు.

“రవూఫ్ గారూ, క్షేమంగా చేరారా అండీ? నేను రామకోటేశ్వరరావుని.”

“చేరామండీ. మీ దయ.”

“మా బావగార్లు ఇంకా మీ సన్నాయి గురించే మాట్లాడుకుంటున్నారండీ. అమ్మాయిని అప్పగించేటప్పుడు ఊదారు చూశారూ, మా మాణిక్యమ్మ అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ వాళ్ళాయన పోయినప్పుడు కూడా ఏడవలేదు! ఆదివారం పామర్రు కల్యాణానికి ఈసారి కర్తని నేనే కదా. ఆ సన్నాయే కావాలండీ. అబ్బాయినే ముందు కూర్చోబెట్టండి. అదే పలుకు పలకాలి, సరేనా?”

“సరేనండీ.”

“మర్చిపోకండి. అదే పలుకు.”

రవూఫ్ ఫోను పెట్టేశాడు. అమన్ తడి మొహంతో గుమ్మంలో నిలబడ్డాడు. ముందు ఛాతీ విరుచుకున్నాడు. తర్వాత ఏదో తట్టింది. అఫ్సానా అరచేతిలో ఉబ్బిపోయిన పీకవైపు చూశాడు.

“అదేంటి, అట్టా అయిపోయింది?”

“సుబ్బరమైంది,” అంది అఫ్సానా.

“అమ్మా, మరిగించావా! బుద్ధుందా? అదే కదా ఆయన అడుగుతుంది!”

ఏడుసార్లు పుక్కిలించిన నోటితోనే అన్నాడా మాట. సాలేహా బిత్తరపోయి కొడుకు వంక చూసింది.

అమన్ కుర్చీ లాక్కుని చెల్లెలి ఎదురుగా కూర్చున్నాడు. మూడు నెలల్లో అంత దగ్గరగా కూర్చోవడం ఇదే మొదలు. గొంతు మెత్తబరిచాడు.

“అఫ్సూ, ఇంకా ఆరు రోజులుందిగా. నాన్న సంచిలో కొత్త పీకలున్నాయి. ఒకటి తీసుకుని పదును చెయ్యి. అది ఎట్టా చేశావో అట్టాగే. నేను ఎంత గీసినా నా చేతికి రావట్లేదు, గట్టిగానే ఉంటన్నాయి. శనివారానికి ఇచ్చెయ్యి.”

“పదును చెయ్యాలంటే నోట్లో పెట్టుకోవాలి అన్నయ్యా.”

“పెట్టుకో.”

“ఉమ్ము తగులుతుంది.”

“నేను స్పిరిట్‌తో తుడుచుకుంటాలే.”

“అవునండీ, స్పిరిటైతే ఏ క్రిమీ ఉండదంట,” అంది ఫౌజియా. నిండు నమ్మకంతో అంది. ఇందాకటి కొంగు ముక్కుమీంచి దిగిపోయింది.

అఫ్సానాకి నవ్వొచ్చింది. 

“ఛీ,” అంది.

“ఏంటే?”

“ఛీ అన్నా. వినపడలా? ఇందాక నా జబ్బు నీకూ, వదినకూ, పుట్టని బిడ్డకూ అంటుకుంది. కంకిపాడు నుంచి ఫోనొచ్చేసరికి స్పిరిట్‌తో పోతందా? నా గ్లాసు మీకు పనికిరాదు, నా కంచం పనికిరాదు. నా నోరు మాత్రం మీ పీకలు నానబెట్టడానికి పనికొచ్చింది. ఆరు రోజులు నేను నమిలి ఇస్తే, నువ్వు పట్టుపంచె కట్టుకుని కూర్చుని భుజం తట్టించుకుంటావు.”

“మేళం అందరిదీ. పేరొస్తే అందరికీ వస్తది.”

“మరి నా కీర్తన?”

అమన్ తండ్రివైపు చూశాడు, కిటికీవైపు చూశాడు. “ఈసారికి వద్దులే. ఆయన నన్నే ముందు కూర్చోమన్నాడు. నువ్వు కూర్చుని మధ్యలో దగ్గావనుకో, జనం గుసగుసలాడతారు. ఎవరో ఒకరు ఆరా తీస్తారు. పొద్దున పెళ్ళిలో ఊదింది జబ్బుపిల్ల ఎంగిలి పీకని తెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా? శుభకార్యం అది. మళ్ళీ మనల్ని ఏ పందిట్లోకీ రానివ్వరు.”

“వచ్చే ఏడు కూర్చుందువుగాని తల్లీ,” అంది సాలేహా.

వచ్చే ఏడు. వాళ్ళకి వచ్చే ఏడు వస్తుంది, గుడికి కల్యాణం వచ్చినట్టే, ఠంచనుగా. పోయిన చలికాలం అఫ్సానా పద్దెనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ ఆమె లెక్కపెట్టింది వచ్చే ఏడుని కాదు, వచ్చే ఊపిరిని. ఆ సంగతి వీళ్ళందరికీ తెలుసు, తెలిసే అంటున్నారు. చెడిపోయిన పీకని ఆమె గుప్పిట్లో నొక్కింది. అది చిట్లింది.

*

రవూఫ్ ఈ గొడవలో ఇప్పటిదాకా కలగజేసుకోలేదు. ఒళ్ళో నాదస్వరం పెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

“నాన్నా.”

“ఊఁ.”

“పెళ్ళిలో నువ్వు అన్నయ్య పక్కనే కూర్చున్నావు కదా. నీకు తెలీలేదా?”

గుడ్డ ఆగింది.

“ఏం తెలీడం?” అన్నాడు అమన్.

“నేను నాన్ననడుగుతున్నా.”

“తెలిసింది,” అన్నాడు రవూఫ్.

ఫౌజియా నోరు వెళ్ళబెట్టింది. సాలేహా కుర్చీకి చేరగిలబడింది.

“ఎప్పుడు తెలిసింది?”

“శ్రుతి పట్టగానే.”

“నాన్నా!” అమన్ లేచి నిలబడ్డాడు. “తెలిసీ నా నోట్లో ఉంచావా? మూడుగంటలు!”

“ఏమవుతుందిరా? ఏమీ కాదు. డాక్టరు చెప్పినప్పుడు నేను విన్నాను, మీరు వినలేదు.” రవూఫ్ కొడుకువైపు చూడలేదు, మాట కూతురికే చెప్పాడు. “ఆపుదామనే అనుకున్నానమ్మా. కానీ వినాలనిపించింది. నలభై ఏళ్ళుగా ఊదుతున్నా. గట్టిగా ఊదినవాడే గొప్పవాడనుకుంటూ ఊదా. అది మెత్తగా పలుకుతుంటే… ఇది నేను విసిరేసిన పీకే కదా అనుకున్నా. అప్పగింతలప్పుడు నాకూ కళ్ళు తడిసినయ్.”

ఇదే మాట నిన్న విని ఉంటే అఫ్సానా తండ్రి మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఏడ్చి ఉండేది. ఇవాళ ఏడుపు రాలేదు.

“పెళ్ళిలో చెప్పలేదు, సరే. ఇంటికొచ్చాక?”

రవూఫ్ చేతిలో గుడ్డ మడతపెట్టాడు.

“చాయ్ తాగుతూ కూర్చున్నావు. నీ కొడుకు నా పీక మీద పేరు తెచ్చుకున్నానని చెప్తుంటే తాగావు. కక్కుతుంటే తాగావు. అమ్మ లేచి గిన్నె పొయ్యిమీద పెడుతుంటే, ఆ పీక నీ ముందునుంచే వంటింట్లోకి పోయుండాలి నాన్నా, అప్పుడూ తాగావు.”

“గొడవెందుకని…”

“అన్నయ్యకి రోత. వదినకి భయం. అమ్మకి ఇల్లు. వాళ్ళకేదో ఒకటుంది. నీకేమీ లేదు. అంతా తెలిసి ఊరుకున్నావు. అందరికన్నా నిన్ను చూస్తేనే నాకు అసహ్యమేస్తంది.”

“అఫ్సానా!” అని అరిచింది సాలేహా. “తండ్రితో మాట్లాడే మాటేనా?”

“ఉండనివ్వు,” అన్నాడు రవూఫ్.

కింద లాడ్జీ ముందు ఎవరో లారీవాడు హారన్ మోగించి మోగించి మానేశాడు. 

“పీక చేస్తాను,” అంది అఫ్సానా చివరికి. అమన్ మొహం విప్పారింది. “చేస్తాను, కానీ అన్నయ్యకి కాదు. నా ఎంగిలి నా నోట్లోనే ఉంటుంది. ఆదివారం ఆ పలుకు కావాలంటే అది పలికే మనిషి కూర్చోవాలి. దాచిపెట్టి కూర్చోబెట్టడం వద్దు. దగ్గొస్తే దగ్గుతాను, తుడుచుకుని మళ్ళీ ఊదుతాను. ఆ పెద్దాయనకి ఇప్పుడే ఫోను చేసి చెప్పు నాన్నా. నా జబ్బుతో సహా చెప్పు.”

“పిచ్చా నీకు?” అన్నాడు అమన్. “నాన్నా, దాని మాటలు పట్టించుకోకు. మేళంలో ఎనిమిదిమందిమి ఉన్నాం. అందరి నోటికాడ కూడు తీస్తావా?”

“మామయ్యా, కాస్త ఆలోచించండి,” అంది ఫౌజియా. ఆమె గొంతు ఈసారి నిజంగానే వణికింది. “వాళ్ళు రేపు ఊరంతా చెప్తారు. పుట్టబోయే బిడ్డకి ఏ ఇంటి పేరు చెప్పుకోను?”

రవూఫ్ నాదస్వరాన్ని జాగ్రత్తగా మంచం మీద పడుకోబెట్టాడు. ఫోను తీసుకున్నాడు.  ఒకసారి తప్పు నొక్కి మళ్ళీ నొక్కాడు. స్పీకరు పెట్టాడు.

“చెప్పండి రవూఫ్ గారూ! ఏమన్నా మర్చిపోయారా?”

“ఒక మాట చెప్పడం మర్చిపోయానండీ.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “పొద్దున మీరు మెచ్చుకున్న పలుకు మావాడిది కాదండీ. పీకది. ఆ పీక మా అమ్మాయి చేసుకున్నది. అఫ్సానా అని, పంతొమ్మిదేళ్ళది.”

“అమ్మాయి ఊదుద్దా అండీ? భలే! చెప్పరే మరి!”

“ఊదుతుందండీ. ఆదివారం అమ్మాయే ముందు కూర్చుంటుంది.” అక్కడితో ఆగిపోవచ్చు. అమన్ చేతులు జోడించి అక్కడితో ఆపమనే సైగ చేస్తున్నాడు. రవూఫ్ కూతురి వంక చూశాడు. “తనకి ఊపిరితిత్తుల జబ్బు ఉందండీ. చిన్నప్పట్నుంచీ. రోజూ కఫం పడుతుంది. దగ్గుతుంది. అంటుకునేది కాదు, డాక్టర్లు రాసిచ్చిన కాగితాలున్నాయి.”

 అటునుంచి పెళ్ళింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు, ఎవరో ఆడమనిషి పిలుపు.

“అంటే…” రామకోటేశ్వరరావు గొంతు మారింది. “అంటే, ఆ అమ్మాయి నోట్లో పెట్టుకున్న పీకేనా అండీ పొద్దున మా పిల్ల పెళ్ళిలో ఊదింది?”

ఫౌజియా కాదనమని తల అడ్డంగా ఊపుతోంది. సాలేహా రెండు చేతులతో నోరు మూసుకుంది. ఒక్క ‘కాదు’ చాలు. కొత్త పీక, వేరే పీక, ఏదో ఒకటి. నలభై ఏళ్ళుగా పెద్దమనుషుల ముందు తలూపి ఊరుకోవడం అలవాటైన రవూఫ్‌కి ఆ ఒక్క మాట పెద్ద కష్టం కాదు.

“అవునండీ,” అన్నాడు. “మీరు విన్నది మా అమ్మాయి ఎంగిలే.”

అమన్ కుర్చీలో కూలబడ్డాడు. ఫోనులోంచి మాట రాలేదు. లైను తెగలేదు. తెర మీద అంకెలు కదులుతూనే ఉన్నాయి, ఒక నిమిషం పదకొండు సెకన్లు, పన్నెండు, పదమూడు.

అఫ్సానా లేచి తండ్రి సంచి విప్పింది. కొత్త పీకల్లోంచి ఒకటి ఏరి తీసింది. పచ్చిగా, గట్టిగా, కర్రముక్కలా ఉంది. ఆరు నెలల పని, ఆరు రోజులే టైముంది. కిటికీలో ఆకుపచ్చ గ్లాసులో నీళ్ళున్నాయి. పీకని ఓసారి ముంచి, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది.

“రవూఫ్ గారూ,” అంది ఫోను, చాలాసేపటికి. “ఆ అమ్మాయికి ఒక్కసారి ఫోనిస్తారా?”